పేరు ఊరిదైతే ముందు పటం తెరవండి: ఇంగ్లీషు ఇంటిపేరు మూలం వెతికే పద్ధతి

ఇంగ్లీషు ఇంటిపేరు మూలం వెతకబోయేవారు సాధారణంగా ముందు దాని అర్థం ఏమిటని చూస్తారు. అర్థం దొరికితే పని అయిపోయిందనుకుంటారు. ఊరిని బట్టి వచ్చిన పేర్లకు ఈ పద్ధతి చాలదని నేను గట్టిగా చెబుతాను. ఆ అర్థం ఊరికి చెందినది. మనిషికి ఆ పేరు వచ్చింది ఆ ఊరితో ఉన్న సంబంధం వల్ల. కాబట్టి తేల్చుకోవలసినవి రెండు: ఆ ఊరు ఎక్కడుంది, ఆ పేరుగలవాళ్లు ఏయే కాలాల్లో ఎక్కడెక్కడ ఉన్నారు. ఈ రెండూ పటం మీద దగ్గర దగ్గరగా వస్తే మూలం దొరికినట్టే. రాకపోతే ఎంత ముచ్చటైన అర్థం చెప్పినా నమ్మకండి.

మా అల్లుడి ఇంటిపేరు ఎంట్విసిల్. ఇంగ్లీషులో రాసేటప్పుడు 'ఎస్' తర్వాత ఒక 'టి' వస్తుంది కానీ పలకరు. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పాత దస్తావేజులు, సరిహద్దుల వివరాలు చదివినదాన్ని. మనుమరాలి పేరు చివర ఉన్న ఈ మాట ఎక్కడిదో తేల్చే పని అందుకే నేను తీసుకున్నాను. మా వియ్యంకుడిని అడిగితే "మావాళ్లు ఎప్పుడూ బోల్టన్ చుట్టుపక్కలే" అన్నారు. బోల్టన్ ఇంగ్లండు వాయవ్యాన పాత లాంకషైర్ జిల్లాలోని పట్టణం. ఆ ఒక్క మాటతో మొదలుపెట్టాను. అదే పేరును పట్టుకుని పద్ధతి అంతా చెబుతాను. మీ దగ్గరున్న పేరు వేరైనా దారి ఇదే.

పేరు ఏ రకమో చూడండి

ఇంగ్లండులో ఇంటిపేర్లు ముఖ్యంగా నాలుగు రకాలు. తండ్రి పేరుతో వచ్చినవి (జాన్సన్, విల్సన్), వృత్తితో వచ్చినవి (స్మిత్, టేలర్), రూపాన్నో గుణాన్నో బట్టి పిలిచినవి (బ్రౌన్, లాంగ్), చోటును బట్టి వచ్చినవి. ఈ చివరి రకంలో మళ్లీ రెండు తెగలున్నాయి, వాటిని విడదీయకపోతే తర్వాత పని అంతా గందరగోళమవుతుంది. మొదటి తెగ, పేరున్న ఒక ఊరి నుంచో పొలం నుంచో వచ్చినది: ఎంట్విసిల్, వాషింగ్టన్, లింకన్. రెండో తెగ, ఇంటి పక్కనున్న కొండనో వాగునో చెట్టునో బట్టి వచ్చినది: హిల్, బ్రూక్, వుడ్. ఆట్వుడ్ అంటే అడవి దగ్గర ఉండేవాడు. నాష్ అన్న పేరు 'ఆటెన్ ఆష్' నుంచి వచ్చింది, అంటే 'ఆష్ చెట్టు దగ్గర' అని. ముందు మాట చివరి 'న' తర్వాతి మాటకు అతుక్కుపోయింది. ఇలాంటి పేర్లు దేశంలో ఎక్కడైనా ఎవరికైనా వచ్చి ఉండవచ్చు. వాటికి ఒకే ఊరు వెతకడం వృథా ప్రయాస.

కొన్ని పేర్లు రెండు తెగల మధ్యా ఊగుతాయి. ఆటెన్‌బరో నాటింగ్‌హామ్‌షైర్‌లో ఒక ఊరు. అదే పేరు 'ఆటెన్ బరో', అంటే 'కోట దగ్గర' అన్న మాట నుంచి కూడా రావచ్చు. ఏది నిజమో శబ్దాన్ని బట్టి చెప్పలేం. ఆ కుటుంబం పాత కాలంలో ఎక్కడ ఉందో చూస్తేనే తెలుస్తుంది.

పేరు చివరి భాగం కొంత దారి చూపిస్తుంది. 'టన్', 'హామ్', 'లీ' ఇంగ్లండు అంతటా ఉంటాయి కాబట్టి వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. 'బీ', 'థార్ప్' కనిపిస్తే డేనిష్ జనం స్థిరపడిన తూర్పు, ఈశాన్య ప్రాంతాలు చూడాలి, ముఖ్యంగా లింకన్‌షైర్, యార్క్‌షైర్. 'రాయిడ్' అంటే చెట్లు కొట్టి సాగులోకి తెచ్చిన నేల. మర్గట్రాయిడ్ లాంటి పేర్లలో అది ఉంటే యార్క్‌షైర్ పశ్చిమ భాగం, హాలిఫాక్స్ చుట్టుపక్కల వెతకండి. 'ట్విసిల్' అంటే రెండు వాగులు కలిసే చోట వాటి నడుమ ఉన్న నేల. లాంకషైర్‌లో ఆస్వాల్డ్‌ట్విసిల్ అనే పట్టణం ఉంది, బర్ట్‌విసిల్ అనే ఇంటిపేరుంది, మా ఎంట్విసిల్ ఉంది. మొదటి భాగం బాతు అని కొందరు, నీటికోడి అని కొందరు పండితులు అంటారు. నాకు రెండూ నచ్చాయి, ఏది ఖాయమో తేల్చాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఊరు అదే కదా.

ఊరు ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి

పేరున్న ఊరు దొరకగానే సంబరపడకండి. అదే పేరుతో ఇంకెన్ని ఊళ్లున్నాయో చూడండి. మన గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఇంటిపేరే తీసుకోండి. దానికీ పత్తికీ సంబంధం లేదు. అది పాత ఇంగ్లీషులో 'గుడిసెల దగ్గర' అన్న మాట. గుడిసెలు లేని చోటు ఏముంటుంది? స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, చెషైర్‌లో చెస్టర్ నగరం దగ్గర కాటన్, కేంబ్రిడ్జ్‌షైర్‌లో కోటన్, ఇంకా ఎన్నో. ఇలాంటి పేరున్న రెండు కుటుంబాలు ఒకదానికొకటి ఏమీ కాకపోవచ్చు. అలాంటప్పుడు 'కాటన్ అన్న పేరు ఎక్కడిది' అని అడగడమే తప్పు. 'ఈ కాటన్ కుటుంబం ఏ కాటన్ ఊరిది' అని అడగాలి.

ఎంట్విసిల్ విషయంలో అదృష్టం బాగుంది. ఆ పేరుకు ఒక్కటే ఊరు. బోల్టన్‌కు ఉత్తరాన, కొండనేల మీద ఉంటుంది. పాత లెక్కలో బోల్టన్-లె-మూర్స్ పారిష్‌లో (ఒక చర్చి కింది ప్రాంతాన్ని పారిష్ అంటారు) ఒక టౌన్‌షిప్, అంటే ఒక చిన్న విభాగం. బోల్టన్ నుంచి బ్లాక్‌బర్న్ వెళ్లే రైలు మార్గంలో 1848 నుంచి అక్కడ స్టేషను ఉంది. 1832లో కట్టిన జలాశయం ఊరి కింది లోయలో ఉంది. అందుకే ఈ నాటి పటం మీద వాగుల కలయిక చూద్దామనుకుంటే నీళ్లు అడ్డం వస్తాయి.

ఊళ్లు వెతకడానికి నేను వాడినవి రెండు. మొదటిది నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు ఉచితంగా పెట్టిన ఇంగ్లీషు స్థలనామాల పటం. దాని వెనుక 1923లో మొదలైన ఇంగ్లీషు స్థలనామ సంఘం జిల్లాలవారీగా చేస్తూ వస్తున్న పని ఉంది. రెండోది స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వారి వెబ్‌సైటులోని పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ సర్వే శాఖ) పటాలు. మైలుకు 6 అంగుళాల లెక్కన 19వ శతాబ్దంలో గీసిన ఆ పటాల మీద ఒక్కో పొలం ఇల్లు పేరుతో సహా ఉంటుంది. వాటిని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూసుకోవచ్చు. ఈ పటాలంటే నాకు ప్రాణం. గట్లు, దారులు, రాతి గనులు, వంతెనలు, ఒంటరి ఇళ్లు, ఏదీ వదలలేదు. పేరు చిన్న పొలం నుంచి వచ్చి ఉంటే దాన్ని ఇక్కడే పట్టుకోగలరు. కొన్ని ఊళ్లు మధ్యయుగంలోనే పాడుబడ్డాయి, వాటి పేరు ఇంటిపేరుగా మాత్రమే మిగిలింది. అలాంటివి ఈ పటాల మీద కూడా దొరకవు, స్థలనామ సంఘం సంపుటాల్లో పాత పత్రాల ఆధారంతో దొరుకుతాయి.

ఊరు వదిలినవాడికే ఊరి పేరు

ఇది మనసులో పెట్టుకుంటే ఎన్నో చిక్కులు విడిపోతాయి. ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే అయినప్పుడు ఒకణ్ణి ఊరి పేరుతో పిలిచి ప్రయోజనం లేదు. వాడు పక్క ఊరికి వెళ్లి స్థిరపడినప్పుడు అక్కడివాళ్లు 'ఎంట్విసిల్ నుంచి వచ్చిన జాన్' అంటారు. కాబట్టి పేరున్న జనం మూల గ్రామంలో కాకుండా దానికి కొన్ని మైళ్ల దూరంలో గుంపుగా కనిపించడం మామూలు విషయం. కంగారు పడకండి. ఇంకో దారి కూడా ఉంది. ఊరి మీద హక్కున్న భూస్వామి ఆ ఊరి పేరుతో చలామణీ అయ్యేవాడు. 1066లో నార్మన్లు వచ్చాక వాళ్ల ప్రభువుల్లో ఈ అలవాటు మొదలైంది. తర్వాత సామాన్యులకు పాకింది. దక్షిణ ఇంగ్లండులో 14వ శతాబ్దం మధ్యకల్లా చాలా కుటుంబాలకు ఇంటిపేర్లు స్థిరపడ్డాయి, ఉత్తరాన మరో వందేళ్లు పట్టింది.

లాటిన్, ఫ్రెంచి పత్రాల్లో ఈ పేర్ల ముందు 'డి' అని ఉంటుంది, అంటే 'ఫలానా ఊరి' అని. అంతమాత్రాన అది ఇంటిపేరని అనుకోకూడదు. ఎంట్విసిల్‌లోనే ఉంటున్న మనిషిని 'డి ఎంట్విసిల్' అని రాస్తే అది చిరునామా కావచ్చు. వేరే ఊళ్లో ఉంటూ, తండ్రికీ కొడుక్కీ అదే మాట వస్తుంటే అది ఇంటిపేరు. కాలక్రమంలో 'డి' రాలిపోయింది.

1881 లెక్క, దాన్ని చదివే తీరు

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లండు జనాభా లెక్కల్లో 1881ది ప్రత్యేకం. కుటుంబ చరిత్ర సంఘాల కార్యకర్తలు, మోర్మన్ చర్చి వాళ్లు కలిసి ఆ లెక్క మొత్తాన్ని పేరు పేరునా ఎత్తి రాశారు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే రుసుము లేకుండా వెతుక్కోవచ్చు. రైళ్లు, మిల్లులు వచ్చి జనం కదిలినా, 1881 నాటికి చాలా ఇంటిపేర్లు పుట్టిన ప్రాంతాన్ని వదలలేదు. అందుకే మూలం వెతికేవారికి ఇది బంగారు గని.

పేరు వెతికి, ఏ జిల్లాలో ఎంతమంది ఉన్నారో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు జాగ్రత్త. ఉత్త సంఖ్యలు చూస్తే ఏ పేరైనా లండన్‌దే అనిపిస్తుంది. 1881లో ఇంగ్లండు, వేల్స్ కలిపి దాదాపు 2 కోట్ల 60 లక్షల మంది, అందులో 38 లక్షల మంది లండన్‌లోనే ఉన్నారు. అంటే ఏడుగురిలో ఒకరు. కాబట్టి జనాభాతో భాగించి చూడాలి. ఉదాహరణకు 20,000 మంది ఉన్న పట్టణంలో ఒక పేరుగలవాళ్లు 100 మంది, లండన్‌లో 190 మంది అనుకుందాం. పట్టణంలో లక్షకు 500 చొప్పున, లండన్‌లో లక్షకు 5 చొప్పున వస్తుంది. సంఖ్యలో లండన్ ముందుంది, సాంద్రతలో పట్టణం వంద రెట్లు ముందుంది. మనకు కావలసింది సాంద్రత. ఈ లెక్క చేయకుండా రంగులు నింపిన పటాలు ఎన్నో కనిపిస్తాయి. పటం అంచున ఉన్న వివరణలో 'లక్షకు' అనో 'పది లక్షలకు' అనో ఉంటేనే దాన్ని వాడండి.

ఎంట్విసిల్ పటం ఇలా చేస్తే బోల్టన్, బ్లాక్‌బర్న్ చుట్టూ ముదురు రంగు వస్తుంది, అక్కడి నుంచి దూరమయ్యేకొద్దీ పలచబడుతుంది. మా వియ్యంకుడి మాట నిజమని పటం ఒప్పుకుంది. కొండ మీది ఊరి కన్నా కింది పట్టణాల్లో ఎక్కువమంది ఉండటానికి కారణం వెతకనక్కరలేదు. చేమగ్గాల మీద నేసుకునే కుటుంబాలు నూలు మిల్లుల కాలంలో పట్టణాలకు దిగాయి.

జనాభా లెక్కల గురించి మరో నాలుగు మాటలు. 1841 లెక్కలో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును చాలాచోట్ల ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. పుట్టిన ఊరు లేదు, అదే జిల్లాలో పుట్టారా లేదా అన్నదే ఉంటుంది. 1851 నుంచి పుట్టిన పారిష్ రాశారు. మూలం వెతికేవారికి ఆ గడి అన్నింటికన్నా విలువైనది. లండన్‌లో ఉన్న ఒక ఎంట్విసిల్ పెద్దాయన ఎదురుగా లాంకషైర్ ఊరి పేరు కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే. 1911 నుంచి ఇంటి యజమాని స్వదస్తూరీతో నింపిన కాగితాలు నిలిచాయి. 1921 లెక్క 2022 జనవరిలో బయటికి వచ్చింది. 1931 లెక్క 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల లెక్క తీయలేదు. ఆ ఖాళీని కొంతవరకు 1939 సెప్టెంబరు 29న తీసిన జాతీయ రిజిస్టరు పూరిస్తుంది.

అక్షరాలతో కుస్తీ

పేరు ఒకే రకంగా రాసి ఉంటుందని ఆశించకండి. రాసినవాడు పాదిరీనో గుమాస్తానో, చెప్పినవాడికి తరచుగా చదువు రాదు. విన్నది విన్నట్టు రాశారు. ఎంట్విసిల్ మొదటి అక్షరం 'ఇ'తో, 'ఎ'తో, 'ఐ'తో దొరుకుతుంది. మధ్యలో 'టి' ఉంటుంది, ఉండదు. 'డబ్ల్యు' పక్కన 'హెచ్' చేరుతుంది.

ఒక్క సంగతి మాత్రం దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇది తెలియక చాలామంది మంచి ఆధారాలు పోగొట్టుకుంటున్నారు. పాత ఇంగ్లీషు రాతలో మాట మధ్యలో వచ్చే 'ఎస్' పొడుగ్గా, కొక్కెంలా ఉంటుంది. చూడటానికి అచ్చం 'ఎఫ్'. తేడా అల్లా అడ్డగీత దగ్గర: 'ఎఫ్'కు అడ్డగీత నిలువుగీతను దాటి కుడివైపు వస్తుంది, పొడుగు 'ఎస్'కు గీత ఉండదు, లేదా ఎడమవైపు చిన్న ముక్క ఉంటుంది. రిజిస్టర్లు ఎత్తి రాసేవారు ఆ తేడా గమనించకపోతే ఎంట్విసిల్ కాస్తా సూచికలో 'ఎంట్విఫిల్' అయి కూర్చుంటుంది. మీ పేరులో 'ఎస్' ఉంటే దాని స్థానంలో 'ఎఫ్' పెట్టి మరోసారి వెతకండి. వెబ్‌సైటు ఒప్పుకుంటే అనుమానమున్న అక్షరం బదులు ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలో తెలియని చోట నక్షత్రం గుర్తు పెట్టండి.

పైకి వెళ్లే దారి

1837 జూలై 1 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వం నమోదు చేసింది. జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైటులో పుట్టుకల సూచిక ఉచితం, అందులో తల్లి పుట్టింటి పేరు కూడా 1837 నుంచే ఉంది. ఒకే పేరున్న పది మంది జాన్‌లను విడదీయడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు.

దానికి ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ఇవి మొదలయ్యాయి. 1598 నుంచి ప్రతి పారిష్ ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం వచ్చింది. అసలు రిజిస్టరు చెదలుపట్టి పోయినా ఈ నకలు కాపాడుతుంది. దస్తావేజుల గదిలో పనిచేసినదాన్ని, రెండో ప్రతి విలువ నాకు తెలుసు. 1640లలో అంతర్యుద్ధం వల్ల చాలా పారిష్‌లలో రాతలు ఆగిపోయాయి. ఆ ఖాళీ దగ్గర ఊహతో వంతెన కట్టకండి. లాంకషైర్ పేర్లయితే లాంకషైర్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ వారు ఉచితంగా ఎత్తి పెట్టిన రిజిస్టర్లు చూడండి, ఇతర జిల్లాలకు ఫ్రీరెగ్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది.

రెండు ఉచ్చులున్నాయి. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టరులో 1640 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కలో 1641. దీన్ని పట్టించుకోకపోతే పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు, చనిపోయినవాళ్లు మళ్లీ సాక్షి సంతకం పెట్టినట్టు కనిపిస్తుంది. రెండు సంవత్సరాలూ 1640/41 అని పక్కపక్కన రాసుకోండి. రెండో ఉచ్చు లాటిన్. పాత రిజిస్టర్లలో జాన్ 'జొహానెస్' అవుతాడు, జేమ్స్ 'జకోబస్' అవుతాడు, విలియం 'గులియెల్మస్' అవుతాడు. ఇంటిపేరు మాత్రం సాధారణంగా అలాగే ఉంటుంది.

ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియాలంటే పాత సరిహద్దులు తెలియాలి. 1974 ఏప్రిల్ 1న బోల్టన్ గ్రేటర్ మాంచెస్టర్‌లోకి వెళ్లింది, ఎంట్విసిల్ లాంకషైర్‌లోనే బ్లాక్‌బర్న్ వైపు చేరింది. చర్చి లెక్కలో బోల్టన్ 1541 నుంచి 1847 దాకా చెస్టర్ బిషప్ కింద ఉంది. వీలునామాలు చర్చి కోర్టుల్లో నిరూపించిన కాలం అది, అందుకని 1858కి ముందు ఆ ప్రాంతపు వీలునామాలు చాలావరకు చెస్టర్‌లో నిరూపించినవి. అయితే లాంకషైర్ వాళ్లవి ఇప్పుడు ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇలాంటి పరిపాలనా చరిత్ర విసుగనిపించవచ్చు, కానీ ఇది లేకుండా కాగితం దొరకదు. మీ ఊరికి ఇదే ప్రశ్న వేసుకోండి: ఆ సంవత్సరంలో ఏ జిల్లా, ఏ బిషప్, ఏ కోర్టు?

1662 నుంచి 1689 వరకు వసూలు చేసిన పొయ్యి పన్ను జాబితాలు, 1641-42లో వయోజన పురుషుల చేత చేయించిన ప్రమాణపు జాబితాలు, 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు, 1332 లాంటి సంవత్సరాల ఆస్తి పన్ను జాబితాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ 1881 పటం వంటి పటాలను ఇంకా పాత కాలానికి గీసుకోవడానికి పనికొస్తాయి. అన్ని జిల్లాలవీ మిగల్లేదు. వాటిలో వంశవృక్షం వెతకకండి. పేరు ఏ పారిష్‌లో ఉందో చూసి చుక్క పెట్టండి చాలు. కాలం వెనక్కి వెళ్లేకొద్దీ చుక్కలు ఒక చోటికి దగ్గరపడుతుంటే మీరు సరైన దారిలో ఉన్నారు.

దూరంగా పడిన ఒంటరి చుక్క గురించి ఒక మాట. సర్ బెర్టిన్ ఎంట్విసిల్ అనే యోధుడు 1455లో సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో చనిపోయాడు, అక్కడే సమాధి. సెయింట్ ఆల్బన్స్ లండన్ దగ్గరి ఊరు. ఆ సమాధిని చూపి ఎంట్విసిల్ పేరు దక్షిణాదిదని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. భూస్వాములు, సైనికులు ఎక్కడెక్కడికో వెళ్లారు. వాళ్ల పేర్లే గ్రంథాల్లోకి ఎక్కుతాయి. మూలాన్ని చెప్పేది పన్ను కట్టిన రైతుల, నేతగాళ్ల చుక్కలు.

నేటి విస్తరణ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 1881 జనాభా లెక్కలను, 1998 ఓటర్ల జాబితాను పక్కపక్కన పెట్టి ఇంటిపేర్ల పటాలు చేశారు. ఆ రెండింటినీ పోల్చి చూడండి. ఊరిని బట్టి వచ్చిన పేర్లలో చాలావాటికి వందేళ్ల తర్వాత కూడా పాత మచ్చ పాత చోటే కనిపిస్తుంది. కొందరు లేచిపోయారు, చాలామంది అక్కడే ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దపు ఎంట్విసిల్‌లలో పేరుపొందినవాళ్లను చూస్తే, 'ద హూ' బృందంలో బేస్ గిటార్ వాయించిన జాన్ ఎంట్విసిల్ 1944లో లండన్‌లో పుట్టాడు, నటి పెగ్ ఎంట్విసిల్ 1908లో వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో పుట్టి అమెరికాలో రంగస్థలం మీద పేరు తెచ్చుకుంది. ఇద్దరిలో ఒక్కరూ లాంకషైర్‌లో పుట్టలేదు. పేరుపొందినవాళ్లను బట్టి మూలం తేల్చకూడదనేది అందుకే.

2002 తర్వాతి ఓటర్ల జాబితాల ఆధారంగా చేసిన పటాలు చూసేటప్పుడు గుర్తుంచుకోండి, బహిరంగంగా అమ్మే జాబితా నుంచి తమ పేరు తీసేయమని అడిగే హక్కు అప్పటి నుంచి ఓటర్లకు ఉంది. కాబట్టి ఆ సంఖ్యలు అసంపూర్ణం. ఇంకొకటి, పెళ్లయి భర్త పేరు తీసుకున్న ప్రతి స్త్రీ ఆ పటంలో ఒక చుక్క. మా అమ్మాయి కూడా ఎంట్విసిల్ పటంలో ఒక చుక్కే, ఆ కొండ ఊరితో రక్తసంబంధం ఏమీ లేకుండా.

పేరు వ్యాపించడం వేరు, వంశం వ్యాపించడం వేరు అనడానికి వాషింగ్టన్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఇంగ్లండులో ఆ పేరుతో రెండు ఊళ్లున్నాయి, ఈశాన్యాన పాత డరమ్ జిల్లాలో ఒకటి, దక్షిణాన ససెక్స్‌లో ఒకటి. జార్జి వాషింగ్టన్ వంశం ఏ ఊరిదో పత్రం ఉంది. 1183లో డరమ్ బిషప్ తీయించిన బోల్డన్ బుక్ అనే భూముల లెక్కలో, విలియం డి హెర్ట్‌బర్న్ తన హెర్ట్‌బర్న్ గ్రామాన్ని ఇచ్చి వాషింగ్టన్ తీసుకున్నట్టు రాసి ఉంది. అంటే ఆయన ముందు ఒక ఊరి పేరుతో, ఆ తర్వాత ఆ కుటుంబం మరో ఊరి పేరుతో పిలిపించుకుంది! అతని సంతతివారి ఒక శాఖ నార్తాంప్టన్‌షైర్‌కు చేరింది, లారెన్స్ వాషింగ్టన్ 1539లో సల్‌గ్రేవ్ ఎస్టేటు కొన్నాడు. జాన్ వాషింగ్టన్ 1650లలో వర్జీనియాకు వలస వెళ్లాడు. అమెరికా మొదటి అధ్యక్షుడు అతని మునిమనుమడు.

ఇప్పుడు అమెరికా జనాభా లెక్క చూడండి. 2000 సంవత్సరంలో అక్కడ వాషింగ్టన్ ఇంటిపేరుగలవాళ్లు 1,63,036 మంది, వాళ్లలో దాదాపు 90 శాతం ఆఫ్రికన్ అమెరికన్లు. బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లలో ఎందరో ఆ పేరును తమదిగా తీసుకున్నారు. విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ చిన్నతనంలో బడిలో పేరు అడిగినప్పుడు వాషింగ్టన్ అని తానే చెప్పాడు. అది అతని మారుతండ్రికి ఇంటిపేరు కాదు, మొదటి పేరు. నేటి పటం మీద ఆ ముదురు మచ్చ డరమ్ ఊరి వంశాన్ని చూపించదు. అది ఆ దేశపు చరిత్రను చూపిస్తుంది, ఆ చరిత్రను అంతే గౌరవంతో చదవాలి. అందుకే నేటి విస్తరణ నుంచి వెనక్కి ఊహించడం కాకుండా, పాత విస్తరణ నుంచి ముందుకు రావడమే సరైన పద్ధతి.

డీఎన్ఏ పరీక్ష మీద ఆశ

పురుషుల వై క్రోమోజోము ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కాబట్టి డీఎన్ఏ పరీక్ష కొంత సాయం చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ 2000లో తన ఇంటిపేరుగల 48 మందిని పరీక్షించాడు. సైక్స్ అంటే సరిహద్దు వాగు అని అర్థం, కాబట్టి అది ఎన్నో చోట్ల పుట్టిన పేరని అందరూ అనుకున్నారు. పరీక్షలో సగానికి కొంచెం తక్కువమందికి ఆ క్రోమోజోములో ఒకే గుర్తులు వచ్చాయి, అంటే ఒక మూలపురుషుడు ఉండే అవకాశం బలంగా ఉంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్లను చూసి, పేరు ఎంత అరుదైతే ఆ పేరుగలవాళ్లలో గుర్తులు అంతగా కలుస్తాయని తేల్చారు. గుర్తులు కలవనివాళ్లు మోసగాళ్లు కారు. దత్తత, తల్లి పేరు తీసుకోవడం, ఆస్తి కోసం పేరు మార్చుకోవడం అన్నీ అక్కడ జరిగినవే.

కుటుంబ చిహ్నం అని చెప్పి పేరు మీద డాలు బొమ్మ అచ్చేసిన కప్పులు, ఫలకాలు అమ్ముతారు. దయచేసి కొనకండి. ఇంగ్లండులో ఇంటిపేరుకు డాలు చిహ్నం ఉండదు. అది ఒక వ్యక్తికి ఇచ్చేది, ఆయన మగ సంతతికి వచ్చేది. ఇచ్చే అధికారం 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌ది. ఎవరిదో హక్కును మనుమలకు కానుకగా ఇవ్వడం నాకు బొత్తిగా నచ్చదు.

మీ నోటుపుస్తకంలో ప్రతి చుక్కకూ ఐదు గడులు పెట్టుకోండి: సంవత్సరం, పారిష్, పేరు రాసిన తీరు ఉన్నది ఉన్నట్టుగా, వ్యక్తి, కాగితం ఉన్న చోటు దాని సంఖ్యతో సహా. రాతను సరిదిద్ది రాసుకోకండి, తప్పు రాతే ఒక్కోసారి ఆధారం అవుతుంది. పని మొదలుపెట్టేముందు గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్ వారి జాబితాలో మీ పేరు ఉందేమో చూడండి. 1979లో ఏర్పడిన ఈ సంఘంలో ఒక్కో సభ్యుడు ఒక్కో ఇంటిపేరును ప్రపంచమంతటా సేకరిస్తాడు. ఉత్తరం రాస్తే ఉదారంగా జవాబిస్తారు. మీ పేరు ఎవరూ తీసుకోకపోతే సభ్యులై మీరే నమోదు చేసుకోవచ్చు.